మనుమడు ఎదురుచూస్తున్న యుద్ధం

(2025 డిసెంబర్ 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హసన్‌పర్తిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల దినోత్సవం నాడు మనం వినవలసిన మాటలు కొన్ని ఉంటాయి. 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ఎవరో దయతో వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పిన సంగతి, కరువు భత్యం సంగతి, ఆరోగ్య కార్డుల సంగతి నాకన్న ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పినారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు "మీరు ఏదైనా కొత్త విషయం చెప్పండి" అన్నారు. అందుకని ఈ వేదిక మీద ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఎత్తుకుంటున్నాను. అది కంప్యూటర్ మీద ఆడే ఒక ఆట గురించి. అందులోనూ ఇంకా రాని ఆట గురించి. దయచేసి నవ్వకండి. ఈ సభలో కూర్చున్న ఒక మిత్రునికి నేను క్షమాపణ చెప్పుకోవలసి ఉన్నది. ఆ క్షమాపణకు దారి ఈ ఆట గుండానే పోతుంది.

మా మనుమడు ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. వాడు చదువుకునే బల్ల ముందర గోడకు రెండు కాగితాలు అంటించి ఉంటాయి. ఒకటి పరీక్షల టైం టేబుల్. రెండవ దాని మీద పెద్ద అంకెలతో 2027 అని రాసి ఉన్నది. అంతే, ఇంకేమీ లేదు. "ఇదేందిరా, నౌకరీల చేరే సంవత్సరమా?" అని అడిగినాను. "కాదు తాతా, ఆర్మా నాలుగు వచ్చే సంవత్సరం" అన్నాడు.

ఆ ఆర్మా ఏమిటో మీకు నాలుగు ముక్కల్లో చెబుతాను. చెక్ దేశంలో ప్రాగ్ నగరం ఉన్నది కదా, అక్కడ బొహీమియా ఇంటరాక్టివ్ అని ఒక కంపెనీ ఉన్నది. వాళ్ళు 2001లో యుద్ధాన్ని ఉన్నదున్నట్టు చూపించే ఆట ఒకటి చేసినారు. తర్వాత 2006లో ఆర్మా, 2009లో రెండవది, 2013లో మూడవది వచ్చినాయి. 2013 తర్వాత ఇంతవరకు నాలుగవది రాలేదు. మధ్యలో 2022లో, కొత్త యంత్రాంగాన్ని పరీక్షించుకోవడానికి, ఆర్మా రిఫార్జర్ అనే ఆటను విడుదల చేసి, నాలుగవది తయారవుతున్నదని ప్రకటించినారు. అది 2027లో వస్తుందని 2024లో చెప్పినారు. అంటే మూడవదానికి, నాలుగవదానికి మధ్య 14 సంవత్సరాలు. పే రివిజన్ కొరకు మనం కూడా అంత కాలం ఎదురుచూడలేదు!

ఎదురుచూస్తే ఎదురుచూడనీ అనుకుందాం. కాని దానికి వాని పాత కంప్యూటర్ సరిపోదట. కొత్తది కొనాలంటే లక్ష రూపాయల పై మాటే. ఇక ఇంట్లో యుద్ధం మొదలైంది. మా అబ్బాయి పేరెత్తితేనే మండిపడ్డాడు. కోడలికి వేరే భయం. ఈ ఆట చూసి చూసి పిల్లవాడు సైన్యంలోకి పోతానంటాడేమోనని. కరోనా రోజుల్లో పిల్లలంతా సెల్‌ఫోన్లలో పబ్జీ ఆడి ఆడి, చివరికి 2020 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం దానితో కలిపి 118 యాప్‌లను నిలిపివేసిన సంగతి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇదీ అటువంటిదే అనుకొని నేను కూడా కొడుకు పక్షమే వహించినాను. "ఉత్తుత్తి యుద్ధం కొరకు లక్ష రూపాయలా?" అన్నాను. వాడు ఏమీ అనలేదు. ఇది ఏప్రిల్ నెల మాట.

మే నెలలో అసలు యుద్ధ వాతావరణమే వచ్చింది. 7వ తేదీ తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్. మరునాడు రాత్రి జమ్ములో దీపాలన్నీ ఆర్పివేసినారని టీవీలో చెబుతుండగా, నా సెల్‌ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. చీకటి రాత్రి, నేల మీది నుండి ఆకాశంలోకి నిప్పుచుక్కలు ధారగా లేస్తున్నాయి, పైన ఒక విమానం మండుతున్నది. దాని కింద, జమ్ములో మన స్థావరం మీద దాడి జరిగిందని రాసి ఉన్నది. నేను ఒక్క నిమిషం కూడా ఆగలేదు. మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టినాను. అందరికన్న ముందు నేను పెట్టినానన్న తృప్తితో పడుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి ఒక మాట చెప్పాలి. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి డిప్యూటీ తాసిల్దారుగా 2015లో దిగిపోయినవాణ్ణి. మన ఆఫీసుల్లో నకలు మీద ధ్రువీకరణ సంతకం పెట్టాలంటే ముందు అసలు కాగితం కళ్ళతో చూడాలి. ఎంతటివాడు వచ్చి ఒత్తిడి చేసినా, అసలు చూడకుండా నకలు మీద సంతకం పెట్టలేదని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. అటువంటి నేను, ఆ రాత్రి అసలు ఏదో నకలు ఏదో చూడకుండా నూట యాభై మందికి పంపించినాను. అది నా సంతకం పెట్టి పంపించినట్టే కదా!

మన మిత్రులొకరి అల్లుడు సైన్యంలో పనిచేస్తున్నాడు. అప్పుడు జమ్ము వైపే ఉన్నాడు. ఆయన కూతురు ఇద్దరు పిల్లలతో ఇక్కడ పుట్టింట్లోనే ఉన్నది. తండ్రి ఫోన్‌లో ఆమె ఆ వీడియో చూసింది. భర్తకు ఫోన్ చేస్తే కలవలేదు. మళ్ళీ చేసింది, కలవలేదు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు.

పొద్దున నేను మనుమనికి ఆ వీడియో చూపించినాను, గొప్పగానే. వాడు రెండు క్షణాలు చూసి, "తాతా, ఇది యుద్ధం కాదు. గేమ్. ఆర్మా మూడు" అన్నాడు. నేను నమ్మలేదు. "ఈ తుపాకీ నేను దినాం చూసేదే. చప్పుడు ఉన్నదా చూడు. ఒక్క మనిషన్న కదులుతున్నడా చూడు" అన్నాడు. చూసినాను. చప్పుడు లేదు. మనిషి లేడు. నాకు కాళ్ళలో సత్తువ పోయినట్టయింది.

ఇది నా ఒక్కడికే జరిగిన పొరపాటు కాదని తర్వాత తెలిసింది. ఆ నాలుగు రోజుల్లో రెండు దేశాల వాళ్ళూ ఇటువంటి ముక్కలను నిజమని పంచుకున్నారనీ, వాటిలో ఈ ఆటవి ఉన్నాయనీ నిజ నిర్ధారణ చేసేవారు బయటపెట్టినారు. అంతకు ముందు ఉక్రెయిన్ యుద్ధంలోనూ ఇదే జరిగితే, 2022 నవంబర్‌లో ఆ కంపెనీయే ఒక ప్రకటన చేసింది. తమ ఆటను యుద్ధ వార్తగా చూపుతున్నారని, అటువంటి వీడియోలను ఎట్లా గుర్తుపట్టవచ్చునో చెప్పింది. బొమ్మ మసకగా ఉంటుంది, వణుకుతుంటుంది. చాలావరకు రాత్రి దృశ్యమే ఉంటుంది. శబ్దం ఉండదు. మనుషుల కదలిక ఉండదు, ఎందుకంటే యంత్రాలను చూపించినంత సహజంగా మనుషుల నడకను చూపించడం కష్టం. మా వాడు చెప్పినది సరిగ్గా ఇదే. అనుభవజ్ఞులమని పేరున్న మనం ఆటను యుద్ధం అనుకున్నాం. ఆటలో మునిగి చెడిపోతున్నాడని మనం అనుకున్న పిల్లవాడు ఆటను ఆట అని చెప్పినాడు.

నేనూ వాడూ కలిసి ఆ మిత్రుని ఇంటికి పోయినాము. ఆ అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు నోరు పెగలలేదు. మా వాడే, "అక్కా, అది గేమ్‌లది" అని చెప్పి, తన ఫోన్‌లో ఆ తుపాకీ ఉన్న ఆట దృశ్యం తీసి పక్కన పెట్టి చూపించినాడు. ఆమె రెండూ మార్చి మార్చి చూసింది. "నిజమేనా తమ్మీ?" అని రెండుసార్లు అడిగింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. మధ్యాహ్నం ఆమె భర్త నుండి ఫోన్ వచ్చిందని తెలిసేదాక నాకు అన్నం సహించలేదు.

ఆ మిత్రుడు ఇప్పుడు మూడవ వరుసలో కూర్చున్నారు. ఆనాడు ఇంట్లో చెప్పిన క్షమాపణ చాలదు. తప్పు నూట యాభై మంది ముందర చేసినాను కనుక క్షమాపణ కూడా ఈ సభ ముందరనే చెబుతున్నాను. అన్నా, నన్ను మన్నించండి. మీ అమ్మాయికి కూడా చెప్పండి.

ఆ తర్వాత ఒక ఆదివారం నేను కుర్చీ తెచ్చుకొని మనుమని పక్కన కూర్చున్నాను. వాని పాత కంప్యూటర్ మీద ఆ మూడవ ఆటే ఆగి ఆగి నడుస్తుంటుంది. చెవులకు పెట్టుకునే యంత్రంలో ఇరవై ముప్పై మంది మాట్లాడుకుంటున్నారు. ఒకడు నాయకుడు, ఒకడు లారీ డ్రైవరు, ఒకడికి తుపాకీ. మా వాని పని ఏమిటంటే గాయపడినవాళ్ళకు కట్లు కట్టడం. అందరూ లారీ దిగి నడుస్తున్నారు. ఐదు నిమిషాలు నడిచినారు, పది నిమిషాలు నడిచినారు. ఆ ఆటలోని దీవి 270 చదరపు కిలోమీటర్లట. హసన్‌పర్తిలో బయలుదేరి హన్మకొండ మీదుగా వరంగల్ దాకా పోయేంత దూరం దానిలో పొడవునా ఉన్నది. మూట బరువెక్కువైతే మనిషికి ఆయాసం వస్తుంది. ఆయాసంలో గురి కుదరదు. తూటా దూరం పోయిన కొద్దీ కిందికి వంగుతుంది. ఇరవై నిమిషాలు నడిచినాక ఎక్కడి నుండో ఒక్క తూటా వచ్చింది. మా వాడు పడిపోయినాడు. ఎవడు కాల్చినాడో కూడా కనబడలేదు.

"అయిపోయిందా?" అన్నాను. "అంతే తాతా. మళ్ళ మొదటి నుంచి నడవాలె" అన్నాడు. "ఇందులో నీకేం సంతోషంరా?" అంటే, "వేరే గేమ్‌లల్ల వందమందిని కాలుస్తరు, ఏం కాదు. దీంట్ల ఒక్క తూటాకే పోతం. అందుకే భయపడి, ఒకరు చెప్పింది ఒకరు ఇని నడుస్తం" అన్నాడు.

యుద్ధాన్ని ఆటగా మార్చుకోవడం కొత్త కాదు. మన చదరంగంలో రథ గజ తురగ పదాతులే కదా ఉన్నది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి పటాల మీద ముక్కలు జరిపి ఆడే యుద్ధ క్రీడను తయారు చేస్తే అక్కడి అధికారులకు అది శిక్షణగా మారింది. ఈ ఆర్మా వాళ్ళ పనితనంతో తయారైన వి.బి.ఎస్. అనే శిక్షణ సాధనాన్ని అమెరికా మెరైన్ సైనికులు వాడినారు. అంత దూరం ఎందుకు, 1993లో మన హైదరాబాదులో మొదలైన జెన్ టెక్నాలజీస్ వాళ్ళు, సైనికులకు, పోలీసులకు తుపాకీ కాల్చడం, ట్యాంకు నడపడం నేర్పే ఇటువంటి యంత్రాలనే తయారు చేస్తున్నారు. తూటా ఖర్చు కాదు, ప్రాణాపాయం లేదు.

అయితే ఆటను నిజానికి మరీ దగ్గరగా తీసుకుపోతే ఏమవుతుందో ఆ కంపెనీ వాళ్ళకే అనుభవమైంది. మూడవ ఆటలోని దీవికి నమూనా గ్రీసు దేశపు లెమ్నోస్ ద్వీపం. 2012 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ ఉద్యోగులిద్దరు అక్కడికి పోతే, సైనిక స్థలాల ఫొటోలు తీసినారని గూఢచర్యం నేరం కింద పట్టుకున్నారు. విహారానికి వచ్చినామని వాళ్ళు మొత్తుకున్నా, 2013 జనవరి దాక, నాలుగు నెలలకు పైగా జైలులోనే ఉన్నారు. తర్వాత ఆటలో ఆ దీవి పేరు ఆల్టిస్ అని మార్చినారు. దీనిలోనే మెచ్చుకోవలసిన సంగతి కూడా ఒకటి ఉన్నది. 2017లో రెడ్‌క్రాస్ వారి సహకారంతో యుద్ధ నియమాల మీద ఈ ఆటకు ఒక కొత్త భాగం చేసినారు. దానిలో కథానాయకుడు సైనికుడు కాదు. యుద్ధం ముగిసిన ఊరిలో పేలకుండా మిగిలిన మందుపాతరలు ఏరే సహాయ కార్యకర్త. ఆ భాగం మీద వచ్చిన రాబడిలో కొంత రెడ్‌క్రాస్‌కు ఇచ్చినారు. 1949 జెనీవా ఒప్పందాల సంగతి మా మనుమడు నాకు చెబుతుంటే, నేను గ్రూప్ పరీక్షలకు బట్టీ పట్టిన దానికన్న వానికే బాగా అర్థమైందని ఒప్పుకోవలసి వచ్చింది.

కోడలి భయం కూడా తీరుద్దామని అడిగినాను. "ఏరా, మిలిటరీల చేరుతవా?" వాడు కొంచెంసేపు ఊరుకొని, "నేను దీంట్ల దినానికి పదిసార్లు సస్త తాతా. ఆడ ఒక్కసారే గద. ఆలోచించి చెప్పాలె" అన్నాడు.

ఆ మాటతో నాకు మా పెద్దన్న గుర్తుకు వచ్చినాడు. నిన్న డిసెంబర్ 16. 1971 యుద్ధం ముగిసిన రోజు. అప్పుడు నాకు 14 ఏండ్లు. మాది మగ్గం నేసే ఇల్లు. పెద్దన్న సైన్యంలో ఉన్నాడు. ఎక్కడున్నాడో ఉత్తరంలో రాయకూడదు, అందుకని చిరునామా 56 ఏ.పి.ఓ. అని మాత్రమే ఉండేది. నేను పంచాయతీ ఆఫీసు ముందర నిలబడి ఢిల్లీ నుండి వచ్చే తెలుగు వార్తలు విని, పరుగెత్తుకొచ్చి ఇంట్లో చెప్పేవాణ్ణి. మా అమ్మ కండెలు చుడుతూ వినేది. ఎవరు గెలుస్తున్నారని ఆమె ఎన్నడూ అడగలేదు. పోస్టుమాన్ వచ్చినాడా అనే అడిగేది. డిసెంబర్ 16న ఊరంతా సంబరం చేసుకున్నది. మా ఇంట్లో మాత్రం జనవరిలో కార్డు వచ్చిన రోజే పండుగ.

మేము పిల్లలం ఆ నెల రోజులూ చెరువు కట్ట మీద కట్టె తుపాకులతో యుద్ధం ఆడినాము. మరుసటి సంవత్సరం ఎండాకాలంలో అన్న సెలవు మీద వచ్చినాడు. యుద్ధం కబుర్లు చెప్పమని ఎంత వేధించినా చెప్పలేదు. ఒక సాయంత్రం కట్ట మీద కూర్చొని మా ఆట చూసినాడు. నేను కూలి, మళ్ళీ లేచి, దుమ్ము దులుపుకొని ఉరుకుతుంటే, నన్ను దగ్గరికి పిలిచి, "పడ్డోడు మళ్ళ లేస్తున్నడు గదరా. మీ ఆటల అదే మంచిగున్నది" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. అన్న పోయి పదేండ్లయింది. ఆ మాట ఇన్నాళ్ళకు మనుమని నోటి నుండి ఇంకో విధంగా విన్నాను.

మిత్రులారా, మనుమని ఎదురుచూపుకు గోడ మీద ఒక తేదీ ఉన్నది. ఆ తేదీ నాలుగు నెలలు వెనకకు జరిగినా ఎవరికీ నష్టం లేదు. మా అమ్మ ఎదురుచూపుకు తేదీ లేదు. మే నెలలో ఆ అమ్మాయి ఎదురుచూపుకూ తేదీ లేదు. ఆట ఎంత నిజంగా ఉన్నా ఈ తేడా మాత్రం పోదు. ఈ తేడా పిల్లలకు తెలియదని మనం భయపడుతున్నాం. నాకు తెలిసినంతలో, ఆ రాత్రి మరచిపోయింది మనుమడు కాదు, నేను.

అందుకని మీకు రెండు మనవులు. ఒకటి, యుద్ధం గురించి ఏ వీడియో వచ్చినా మనం ఆఫీసులో పాటించిన నియమమే పాటిద్దాం. అసలు చూడనిదే నకలు పంపవద్దు. ఎవరి ఇంటి బిడ్డ ఎక్కడ కాపలా కాస్తున్నాడో మనకు తెలియదు. రెండు, మీ మనుమలు, మనుమరాండ్రు కంప్యూటర్ ముందు కూర్చుంటే దూరం నుండి తిట్టకండి. ఒక్క ఆదివారం కుర్చీ తెచ్చుకొని పక్కన కూర్చోండి. ఆట మంచిదైతే మీకే తెలుస్తుంది. చెడ్డదైతే, అప్పుడు మీరు చెప్పే మాటకు విలువ ఉంటుంది.

ఇక ఆ లక్ష రూపాయల సంగతి తేలలేదు కదా. 2027లో నాకు 70 నిండుతాయి. మనకు అదనపు పెన్షన్ మొదలయ్యే వయస్సు అది. ఇంటర్ మంచిగా పూర్తి చేసి, ఇంజనీరింగులో చేరి, మొదటి సంవత్సరం అన్ని పేపర్లూ పాసైతే, నా అదనపు పెన్షన్ నుండి నెల నెలా కట్టి కొత్త కంప్యూటర్ ఇప్పిస్తానని మాట ఇచ్చినాను. మా అబ్బాయి సగం ఒప్పుకున్నాడు. మనుమడు గోడ మీది కాగితం తీసి, 2027 కింద ఇంకొక వరుస రాసినాడు. "తాతకు 70" అని.

కనుక ఇప్పుడు మా ఇంట్లో 2027 కొరకు ఎదురుచూస్తున్నవాళ్ళం ఇద్దరం. నా ఎదురుచూపు నెరవేరడానికి మాత్రం ప్రతి ఏడాదీ లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూ ఉండాలి. మీ అందరి ఆశీర్వాదం ఉండాలి.